రోనాల్డ్ కోల్మన్ నిజంగా జాక్ బెన్నీ పక్కింట్లోనే ఉండేవాడా? అంత పెద్ద హీరోలు రేడియో కామెడీ షోలకి ఎందుకు వెళ్లేవాళ్లు?

నైట్‌షిఫ్ట్_నాని
మూడు నెలలుగా నైట్ షిఫ్టు. తెల్లవారుజామున మూడింటికి కళ్లు మూతలు పడకుండా పాత అమెరికన్ రేడియో షోలు పెట్టుకుని వింటున్నాను, ఎక్కువగా జాక్ బెన్నీ ప్రోగ్రాం, 1940ల చివరివి. నవ్వొస్తోంది, అందులో డౌటు లేదు. కానీ ఒక్క సంగతి మింగుడు పడటం లేదు. రోనాల్డ్ కోల్మన్ అంటే మాటలా? మూకీల రోజుల నుంచీ హీరో, టాకీలొచ్చాక ఆ గొంతు కోసం జనం పడిచచ్చారు. అలాంటాయన భార్య బెనిటాని వెంటేసుకుని వచ్చి, పక్కింట్లో ఉన్న ఈ పిల్లికి బిచ్చం పెట్టని బెన్నీ తమ ప్రాణం ఎలా తోడేస్తున్నాడో చెప్పుకుని ఏడుస్తాడు, అదీ ఒక్కసారి కాదు, మాటిమాటికీ. వీళ్లవి నిజంగా పక్కపక్క ఇళ్లేనా? డబ్బవసరం పడి ఒప్పుకున్నాడా? స్టూడియో వాళ్లు పొమ్మంటే వెళ్లాడా? మన దగ్గర ఆ స్థాయి హీరోని ఒక కమెడియన్ చేతిలో ఇలా ఆడిస్తే అభిమానులు ఊరుకుంటారా అని ఒకటే ఆలోచన.

మర్ఫీసెట్
పక్కిల్లు కాదు నానీ. ఇద్దరూ బెవర్లీ హిల్స్‌లోనే ఉండేవాళ్లు కానీ మధ్యలో చాలా వీధులున్నాయి. ఆ పక్కిల్లు రచయితలు కట్టింది. బెన్నీకి ఆ రోజుల్లో నలుగురు రచయితలు, మిల్ట్ జోసెఫ్స్‌బర్గ్, జాన్ టాకబెరీ, శామ్ పెరిన్, జార్జ్ బాల్జర్. వాళ్ల తెలివంతా ఒక్క చోట ఉంది. గెస్టుని 'ఇదిగో ఫలానా పెద్ద స్టార్ వచ్చారు' అని తెచ్చి కూర్చోబెడితే పావుగంటలో సరుకు అయిపోతుంది. పక్కింట్లో పెడితే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. పక్కింటివాళ్ల గొడవకి అంతెక్కడ?

తెనాలి_తుంటరి
మా పక్కింటాయన మా నిచ్చెన తీసుకెళ్లి నాలుగేళ్లయింది. అడిగితే 'మీకిప్పుడు అవసరమా?' అంటాడు. ఆయన రచయితలెవరో కనుక్కోవాలి.

లెక్కలమాస్టారు
కోల్మన్ దంపతులు మొదటిసారి వచ్చింది 1945 డిసెంబరు 9, ఆదివారం. బెన్నీ షో తూర్పు తీరంలో ఆదివారం రాత్రి ఏడింటికి, అరగంట. అప్పటికి ఎన్‌బీసీ అనే రేడియో నెట్‌వర్కులో ఉండేది, 1949 జనవరి 2 నుంచి దాని పోటీ నెట్‌వర్కు సీబీఎస్‌కి మారింది. నాని గారు వింటున్నది 1949కి ముందువో తర్వాతవో చెబితే ఏ ఎపిసోడ్లో చెప్పగలను.

నైట్‌షిఫ్ట్_నాని
రెండూ కలగాపులగంగా వింటున్నాను మాస్టారూ. డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌లో వరస ఉంటే కదా. ఒకదాంట్లో సిగరెట్ ప్రకటన, దాని వెనక ఎవడో గొంతులో నత్త దూరినట్టు గడగడా ఏదో చదువుతాడు. అదేంటి?

మర్ఫీసెట్
అది పొగాకు వేలంపాట! లక్కీ స్ట్రైక్ వాళ్లు 1944 నుంచి బెన్నీ షోకి స్పాన్సరు. నిజమైన వేలం పాటగాళ్ల చేతే పాడించేవాళ్లు. దానికి ముందు గ్రేప్-నట్స్ ఫ్లేక్స్, జెల్లీ పొడి జెల్-ఓ, అంతకుముందు టైర్లు, షెవర్లే కార్లు, 1932లో మొదలైనప్పుడు అల్లం సోడా. మన గుంటూరు పొగాకు వేలం చూసినవాళ్లకి ఆ గడగడ కొత్తేం కాదు.

గుంటూరు_గోపి
మా నాన్న పొగాకు బేళ్లు తీసుకుని వేలానికి వెళ్లేవాడు. ఇది వినిపించాను. 'ఎంతకి పోయింది?' అని అడిగాడు. కామెడీ అంతా అయిపోయేదాకా అదొక్కటే ఆయన ధ్యాస.

హిమ_వింటోంది
నాని ప్రశ్నకి ఇంకా సరైన జవాబు రాలేదు. డబ్బు కోసమేనా కాదా? నాకైతే ఇదంతా స్పాన్సరు ఆడించిన ఆటలా కనిపిస్తుంది. స్టార్‌కి కొత్త సినిమా ఉంటుంది, షో చివర అనౌన్సరు ఫలానా స్టూడియో వారి సౌజన్యంతో, త్వరలో వీరి చిత్రం అని చెబుతాడు, అయిపోయింది. ఇప్పుడు సినిమా రిలీజుకి ముందు మన హీరోలు టీవీ గేమ్ షోల చుట్టూ తిరగడం లేదూ? పాతది కాబట్టి మనం కళాఖండం అంటున్నాం.

మర్ఫీసెట్
హిమ గారూ, సగం ఒప్పుకుంటాను. మొదట్లో ఇంతకన్నా ఘోరం. 1934లో హాలీవుడ్ హోటల్ అని ఒక షో మొదలైంది, లుయెల్లా పార్సన్స్ నడిపేది. ఆవిడ హర్‌స్ట్ పత్రికల్లో సినిమా కబుర్ల కాలమ్ రాసేది, ఆవిడ కలానికి భయపడని స్టార్ లేడు. అందుకని అందరూ ఊరికే వచ్చి నటించేవాళ్లు. స్పాన్సరు క్యాంప్‌బెల్ సూపు కంపెనీ, కాబట్టి వచ్చినవాళ్లకి ఒక పెట్టె సూపు డబ్బాలు చేతిలో పెట్టేవాళ్లు. కోట్ల మంది వినే షో, హీరోయిన్ జీతం టమాటా సూపు. తర్వాత నటుల సంఘాలు గట్టిగా పట్టుబడితేగానీ ఆ ఉచిత సేవ ఆగలేదు. కొన్నాళ్లకే సబ్బు కంపెనీ వాళ్ల లక్స్ రేడియో థియేటర్ పెద్ద తారలకి ఒక్క రాత్రికి 5,000 డాలర్లదాకా ఇచ్చేది.

తెనాలి_తుంటరి
సూపు పెట్టె మోసుకుంటూ కారెక్కుతున్న హీరోయిన్‌ని తలచుకుంటేనే సగం సినిమా.

కుకమాంగా_కాపురం
బెన్నీ పేరు కనబడగానే లాగిన్ అయ్యాను, పాస్‌వర్డ్ మర్చిపోయి మళ్లీ పెట్టుకుని మరీ. నేను ఎనిమిదేళ్లుగా కాలిఫోర్నియాలో రాంచో కుకమాంగాలో ఉంటున్నాను. మా ఊళ్లో జాక్ బెన్నీ విగ్రహం ఉంది! ఆయనేమీ ఇక్కడ పుట్టలేదు, ఉండలేదు. ఆ షోలో రైల్వే స్టేషన్ సీను వస్తుంది చూడండి, మైకులో 'అనహైమ్, అజూసా అండ్ కూ... కమాంగా' అని అరుస్తాడు, ఆ గొంతు మెల్ బ్లాంక్‌ది. ఆ ఒక్క జోకుకే ఊరు ఇంత రుణపడిపోయింది. మొదట్లో విగ్రహం ఎవరిదో తెలీక, నగర స్థాపకుడేమో అనుకుని పిల్లాడి చేత నమస్కారం పెట్టించాను.

నైట్‌షిఫ్ట్_నాని
😂😂 నమస్కారం పెట్టించారా!

కుకమాంగా_కాపురం
పెట్టించాను. చేతిలో వయొలిన్ ఉంటే సంగీత విద్వాంసుడేమో అనుకున్నాను.

శ్రుతి_తప్పదు
నిజానికి మరీ అంత చెడ్డగా వాయించేవాడు కాదు. షోలో పిల్లి అరుపులా వాయించడం వేషం. బయట పెద్ద ఆర్కెస్ట్రాలతో కచేరీలు చేసి వాటికి నిధులు పోగుచేసి పెట్టాడు, ఎంతో విలువైన స్ట్రాడివేరియస్ వయొలిన్ ఉండేది. పిసినారితనం కూడా వేషమే, బయట చెయ్యి పెద్దది. ఎప్పటికీ 39 ఏళ్లే అనడం వేషం. ఆ షోలో నిజమైనది ఒక్క టైమింగే.

హిమ_వింటోంది
సరే, బెన్నీ సంగతి బాగుంది. కోల్మన్‌కి ఒరిగిందేంటి?

మర్ఫీసెట్
ఇది కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

కోల్మన్ మనిషి బిడియస్తుడు, తన గుట్టు తనలోనే దాచుకునే రకం. ఇంగ్లండులో పుట్టాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో 1914లోనే గాయపడ్డాడు. పరువు విషయంలో ఎంత పట్టుదలంటే, 1932లో తనని తాగుబోతులా చూపే పబ్లిసిటీ మాటలు బయటికి వచ్చాయని స్వయంగా తన నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ మీద పరువునష్టం దావా వేశాడు, ఆ తర్వాత మళ్లీ ఆయన దగ్గర పనిచెయ్యలేదు. అలాంటి మనిషి రేడియోలో నవ్వులపాలవడానికి ఒప్పుకున్నాడంటే ఊరికే ఒప్పుకోడు కదా.

అసలు ఆయన అంతకుముందే ఒకసారి రేడియోలో చెయ్యి కాల్చుకున్నాడు. 1939లో ఎన్‌బీసీలో ద సర్కిల్ అని ఒక ఆదివారం షో, కెలాగ్స్ డబ్బు. కోల్మన్ అధ్యక్షుడు, చుట్టూ కేరీ గ్రాంట్, కరోల్ లొంబార్డ్, గ్రౌచో మార్క్స్, చీకో మార్క్స్. వీళ్లందరూ గుండ్రంగా కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకుంటారు, మధ్యలో పాటలు. పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆర్నెల్లు తిరిగేసరికి మూతపడింది, కోల్మన్ అంతకంటే ముందే తప్పుకున్నాడు. స్టార్లని స్టార్లుగా కూర్చోబెడితే వినేవాడికి పనేముంది? ముఖం కనబడదు, మేకప్ కనబడదు. రేడియోలో స్టార్‌కి మిగిలేది గొంతు, ఎదుటివాడితో పేచీ, అంతే. బెన్నీ రచయితలు ఆ పేచీ ఇచ్చారు. పక్కింటి నుంచి వయొలిన్ మోత, గిన్నె పట్టుకుని అప్పుకొచ్చే బెన్నీ, కిటికీలోంచి చూసి ముఖం దాచుకునే దంపతులు. కోల్మన్ గొంతు ఎంత హుందాగా పలికితే ఆ కష్టం అంత నవ్వొస్తుంది. ఆయన కామెడీ చెయ్యడు, అదే కామెడీ.

గోదారిగట్టు
'ఆయన కామెడీ చెయ్యడు, అదే కామెడీ.' దీన్ని ఎక్కడైనా రాసి గోడకి తగిలించుకోవాలి మర్ఫీ గారూ. నాకు బెనిటా ఇంకా నచ్చుతుంది. ఆవిడ 'రానీ...' అని పిలిచి చిన్న మాట విసురుతుంది, అక్కడితో అయిపోతుంది.

గుంటూరు_గోపి
రానీ అంటే రాణీ అనుకున్నాను మొదట. మగాణ్ణి రాణీ అంటుందేమిటని రెండు ఎపిసోడ్లు తికమకపడ్డాను. రోనాల్డ్‌కి ముద్దుపేరని మా అమ్మాయి చెప్పింది.

డల్లాస్_డ్రైవర్
ఆస్కార్ ఎపిసోడ్ ఎవరూ ఎత్తలేదేం? 1946లో బెన్నీ కోల్మన్ ఆస్కార్‌ని అప్పు తీసుకుని వస్తుంటే దొంగ పట్టుకుంటాడు. 'డబ్బా, ప్రాణమా?' అంటాడు. బెన్నీ ఓ ఐదు నిమిషాలు మాట్లాడడు, చివరికి 'ఆలోచిస్తున్నానయ్యా!' అంటాడు. రేడియో చరిత్రలోనే అతి పొడవైన నవ్వు అదే. ఆఫీసుకి గంట డ్రైవ్, అది వింటూ ఎగ్జిట్ దాటి వెళ్లిపోయాను.

లెక్కలమాస్టారు
మూడు తప్పులు. 1946 కాదు, 1948 మార్చి 28. ఐదు నిమిషాలు కాదు, కొన్ని సెకన్లే; ఐదు నిమిషాలు మౌనంగా ఉంటే స్టేషన్ చెడిపోయిందని జనం సెట్లు కట్టేస్తారు. అతి పొడవైన నవ్వన్నది పుక్కిటి పురాణం. అదే షోలో ఇంతకన్నా ఎక్కువసేపు జనం నవ్విన ఘట్టాలున్నాయి. ఒపేరా గాయని డొరతీ కిర్‌స్టెన్ వచ్చిన ఎపిసోడ్ వినండి. ఆవిడా అనౌన్సర్ డాన్ విల్సనూ సంగీతం మీద పెద్ద పెద్ద మాటలు దంచుకుంటూ ఉంటారు, చివరికి బెన్నీ నోరు తెరిచి ఒక్క ముక్క అనబోతే, షోలో నటించే బెన్నీ భార్య మేరీ 'నోరు ముయ్యి' అంటుంది. అక్కడ హాలు కూలిపోయింది.

డల్లాస్_డ్రైవర్
మాస్టారూ నేను జోకు చెబుతుంటే మీరు మార్కులు కోస్తున్నారు.

లెక్కలమాస్టారు
అలవాటు నాయనా. ముప్పై ఏళ్ల ఉద్యోగం.

మర్ఫీసెట్
మాస్టారు చెప్పిన తేదీలో ఇంకో అందం ఉంది. కోల్మన్‌కి ఆస్కార్ వచ్చింది 1948 మార్చి 20న, ఎ డబుల్ లైఫ్ సినిమాకి, అప్పటికి ఆయనకి 57 ఏళ్లు. ముందు నామినేషన్లయితే వచ్చాయి గానీ బొమ్మ చేతికి రావడం అదే మొదలు. సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత ఆ బొమ్మని రేడియోలో బెన్నీ చేతికి అప్పిచ్చి, దొంగకి పోగొట్టించారు. జీవితకాలం ఎదురుచూసిన బహుమతిని వారం తిరిగీ తిరగ్గానే జోకు చెయ్యనిచ్చాడంటే ఆయనకి ఆ పక్కింటి వేషం మీద ఎంత నమ్మకమో చూడండి. నాని అడిగిన డబ్బు, స్టూడియో, వీటికి జవాబు నాకైతే ఇక్కడుంది. ఆ దొంగతనం కథ తర్వాతి వారాల్లో కూడా సాగింది, బెన్నీ కోల్మన్‌కి నిజం చెప్పలేక నానా తంటాలు పడతాడు.

శ్రుతి_తప్పదు
ఆ 'ఆలోచిస్తున్నానయ్యా' డైలాగు పుట్టుక కూడా తమాషానే. జోసెఫ్స్‌బర్గ్ తర్వాత చెప్పిన కథ ప్రకారం, దొంగ మాట వరకు రాసి, జవాబు తట్టక అతనూ టాకబెరీ తలలు పట్టుకున్నారట. టాకబెరీ పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఏదో ఒకటి చెప్పవేం అని జోసెఫ్స్‌బర్గ్ కసిరితే 'ఆలోచిస్తున్నాను, ఆలోచిస్తున్నాను' అన్నాడట. అంతే, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తెనాలి_తుంటరి
నేను మా మేనేజరుకి రోజూ అదే జవాబు చెబుతున్నాను. ఎవరూ నవ్వడం లేదు.

హిమ_వింటోంది
మర్ఫీ గారూ, ఆస్కార్ వచ్చిన వారానికి రేడియోలో ఆస్కార్ మీద ఎపిసోడ్ అంటే ఇంకెంత పబ్లిసిటీ కావాలి? మీరు చెప్పిందే నా వాదనకి సాక్ష్యం 🙂 అయినా ఎపిసోడ్ విన్నాను ఇప్పుడే. బాగుంది. దొంగ ఆ మాట అన్నాక జనం నవ్వడం మొదలుపెడతారు చూడండి, బెన్నీ ఇంకా ఏమీ అనకుండానే. పదహారేళ్లు పిసినారి వేషం కట్టినవాడికే ఆ మౌనం చెల్లుతుంది. కోల్మన్ లేకపోయినా ఆ జోకు పేలేది అని నా అభిప్రాయం.

గోదారిగట్టు
ఉహూ. చేతిలో ఉన్నది సొంత వస్తువైతే అది ఒట్టి పిసినారి జోకు. ఎరువు తెచ్చిన వస్తువు, అదీ ఆస్కారు, అదీ అసలే వీణ్ణి చూస్తే చిరాకుపడే పక్కింటాయనది. ఆ భయం వెనకాల లేకపోతే తర్వాతి వారాలు ఎలా నడుస్తాయి?

హిమ_వింటోంది
తర్వాతి వారాల సంగతి ఒప్పుకున్నా. ఆ ఒక్క జోకు సంగతి మాత్రం ఒప్పుకోను.

పక్కింటి_పిన్ని
నేను ఊరికే చదివి పోదామనుకున్నా. పేరు అలా పెట్టుకున్నాను కాబట్టి మాట్లాడక తప్పట్లేదు. దసరాకి మా ఇడ్లీ పాత్ర ఎరువు తీసుకెళ్లిన ఆవిడ సంక్రాంతికి అందులోనే ఇడ్లీలు పెట్టి మా ఇంటికి పంపింది, పాత్ర మళ్లీ తెప్పించుకుంది. బెన్నీకి కూడా ఈ ఐడియా వచ్చుండదు.

తెనాలి_తుంటరి
పిన్నీ ఆవిడకి దండం 🙏

నైట్‌షిఫ్ట్_నాని
చదువుతుంటే నిద్ర మొత్తం పోయింది, థాంక్స్. ఇంకొకటి. ఇవన్నీ లైవ్ అంటారు కదా, అంత పెద్ద స్టార్ నోరు జారితే ఏం చేసేవాళ్లు?

శ్రుతి_తప్పదు
జారితే జారినట్టే పోయేది. ఎన్‌బీసీ, సీబీఎస్‌లు 1940ల చివరిదాకా రికార్డు చేసిన షోలని దాదాపు రానిచ్చేవి కాదు. పైగా చాలా షోలు తూర్పు తీరానికి ఒకసారి, పడమటి తీరానికి మూడు గంటల తర్వాత ఇంకోసారి, అదే జోకులు మళ్లీ చెప్పేవాళ్లు. ఈ చాకిరీ పడలేకే బింగ్ క్రాస్బీ 1946లో ఏబీసీకి మారి ముందుగా రికార్డు చేసి వదలడం మొదలుపెట్టాడు, 1947 నుంచి టేపు మీద. టేపు వచ్చాక తప్పులు కత్తిరించడం, నవ్వులు అతికించడం కూడా మొదలైంది, అది వేరే ఏడుపు.

నోరు జారడంలో నాకిష్టమైనది బెన్నీ షోదే, 1950 జనవరి 8. డాన్ విల్సన్ ఒక పత్రికా రచయిత పేరు 'డ్రూ పియర్సన్' అనబోయి 'డ్రియర్ పూసన్' అన్నాడు. జనం నవ్వారు, అయిపోయింది అనుకున్నాడు. ఈలోపు రచయితలు తెరవెనక, ఆ షోలో చిన్న వేషాలేసే ఫ్రాంక్ నెల్సన్ చెవిలో ఊదారు. చాలాసేపటి తర్వాత బెన్నీ వచ్చి నువ్వు ఫలానానా అని అడిగితే నెల్సన్ 'మరి నేనెవరనుకున్నావ్, డ్రియర్ పూసనా?' అన్నాడు. బెన్నీకి ఈ సంగతి తెలీదు. పాపం మనిషి మాట్లాడలేకపోయాడు.

డల్లాస్_డ్రైవర్
నోరు జారకపోయినా కొంప మునిగిన కేసు ఉంది, మే వెస్ట్. మాస్టారు తేదీ సరిచేస్తారని ముందే వెతికి రాస్తున్నాను. 1937 డిసెంబరు 12, ఛేజ్ అండ్ శాన్‌బోర్న్ కాఫీ వాళ్ల షో, ఎన్‌బీసీ. ఆదాము అవ్వ కథ మీద చిన్న నాటిక, రాసింది ఆర్చ్ ఒబోలర్, ఆదాముగా డాన్ అమీచీ. కాగితం మీద చదివితే అందులో ఏమీ లేదంటారు. ఆవిడ పలికిన తీరుకే దేశం అట్టుడికిపోయింది, అదీ ఆదివారం! ఉత్తరాల మీద ఉత్తరాలు, ప్రభుత్వ కమిషన్ ఎన్‌బీసీకి చీవాట్లు. ఎన్‌బీసీ ఆవిడ పేరు కూడా తమ స్టేషన్లలో పలకకూడదంది. అదే షోలో ఆవిడ ఛార్లీ మెకార్తీ అనే కొయ్యబొమ్మతో సరసాలాడింది కూడా.

లెక్కలమాస్టారు
తేదీ సరిగ్గా ఉంది. పదికి తొమ్మిది.

డల్లాస్_డ్రైవర్
ఒక మార్కు ఎందుకు పోయింది??

లెక్కలమాస్టారు
చేతిరాత.

గోదారిగట్టు
రేడియోలో కొయ్యబొమ్మ వెంట్రిలాక్విజం! ఎవరూ చూడని పెదాలు కదపకుండా మాట్లాడి, ఆ బొమ్మని ఆడించే ఎడ్గర్ బెర్గన్ దేశంలో అందరికన్నా పెద్ద స్టార్ అయ్యాడు. ఎన్నిసార్లు తలచుకున్నా నమ్మబుద్ధి కాదు.

మర్ఫీసెట్
గెస్టులే దిక్కైన సందర్భం కూడా ఉంది. 1943లో బెన్నీకి న్యుమోనియా వస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని వారాలు ఆర్సన్ వెల్స్ వచ్చి షో నడిపాడు. తన గొప్పలు తానే చెప్పుకునే మేధావిగా తనని తానే వెక్కిరించుకున్నాడు. ఇదీ అదే సూత్రం, స్టార్‌కి ఒక వేషం ఉండాలి.

కలకత్తా_మనవడు
ఇక్కడ మన దేశానికి నిజమైన లంకె ఒకటుంది. యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం వాళ్లు కమాండ్ పర్ఫార్మెన్స్ అనే షో చేసేవాళ్లు, 1942లో మొదలైంది. సైనికులు ఉత్తరం రాసి ఏం కావాలో ఆర్డరు వేస్తారు, స్టార్లు ఒక్క పైసా తీసుకోకుండా వచ్చి అది చేస్తారు. ఒకడు పెనం మీద మాంసం చుయ్‌మనే చప్పుడు కావాలన్నాడు. ఇంకొకడు కరోల్ లాండిస్ నిట్టూరిస్తే చాలన్నాడు, ఆవిడ మైకు ముందు నిట్టూర్చింది. పెద్ద పళ్ళెమంత రికార్డుల మీద ఎక్కించి సైన్యం ఉన్న చోటికల్లా పంపేవాళ్లు. కలకత్తాలో కూడా అమెరికా సైనికుల రేడియో స్టేషన్ ఉండేది. మా తాత అప్పుడు అక్కడ రేవులో గుమాస్తా. 'ఇంగ్లీషు పాట మధ్యలో జనం పగలబడి నవ్వేవాళ్లురా, ఎందుకో మాత్రం తెలిసేది కాదు' అనేవాడు. ఆయన విన్నది ఇదో కాదో నాకు తేలే మార్గం లేదు గానీ ఈ షో విన్నప్పుడల్లా తాతే గుర్తొస్తాడు.

గుంటూరు_గోపి
మరి మన రేడియోలో స్టార్లతో ఇలాంటివి ఎందుకు రాలేదు? నాకు గుర్తున్నది ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం ఒక్కటే. సినిమా మొత్తాన్ని గంటకి కుదించి వినిపించేవాళ్లు. గొంతులు వింటూ ఎవరు ఎవరో పందెం వేసుకునేవాళ్లం.

శ్రుతి_తప్పదు
స్పాన్సరు లేడు, అదే కారణం. 1967 దాకా ఆకాశవాణిలో ప్రకటనలే లేవు. పైగా 1952లో సినిమా పాటలకే తలుపు మూశారు, జనం రేడియో సిలోన్‌కి వెళ్లిపోయారు. 1957లో వివిధభారతి పెట్టాక సైనికుల కోసం జయమాల వచ్చింది, అందులో సినిమా తారలు వచ్చి తమకిష్టమైన పాటలు వేసి నాలుగు మాటలు చెప్పేవాళ్లు. అది గౌరవంగా ఉండేది, తమని తాము వెక్కిరించుకోవడం ఉండేది కాదు. హిమ గారు స్పాన్సర్లని తిడుతున్నారు గానీ సిగరెట్ కంపెనీ, కాఫీ కంపెనీ లేకపోతే ఈ గొడవంతా మనకి వినబడేదే కాదు.

హిమ_వింటోంది
సిగరెట్ కంపెనీకి నేను థాంక్స్ చెప్పాలా ఇప్పుడు? 🙄 నాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, రోచెస్టర్ పాత్ర. నల్లజాతి నౌకరు వేషం. నవ్వుతూనే ఎక్కడో గుచ్చుకుంటుంది.

మర్ఫీసెట్
గుచ్చుకోవాలి కూడా. 1930ల ఎపిసోడ్లలో ఆ పాత్ర మీద జూదం, సోమరితనం జోకులు ఉన్నాయి, ఇప్పుడు వినలేం. యుద్ధం తర్వాత వాటిని చాలావరకు వదిలేశారు. రోచెస్టర్ వేషం వేసిన ఎడ్డీ ఆండర్సన్ మాత్రం ఆ షోలో గెస్టులందరికన్నా గట్టి నటుడు. యజమానిని చివర్లో ఒక్క మాటతో పడుకోబెట్టేది ఎప్పుడూ అతనే.

గోదారిగట్టు
కోల్మన్ విషయానికొస్తే, 'జాక్ బెన్నీ అంటే నాకెందుకు పడదంటే' అని పోటీ పెట్టారు, 1945 డిసెంబరులో మొదలైంది. మొత్తం బహుమతి 10,000 డాలర్ల బాండ్లు. లక్షల్లో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. తిట్టడానికి డబ్బులిస్తామంటే ఎవరు రాయరు? జడ్జీల్లో ఒకడు ఫ్రెడ్ అలెన్, అంటే బెన్నీకి రేడియోలో ఆగర్భ శత్రువు. 1946 ఫిబ్రవరి 3న గెలిచిన ఉత్తరం చదవడానికి కోల్మన్‌ని పెట్టారు. అది చిన్న పద్యం. బెన్నీ గొప్పలు, పాచి జోకులు, వయొలిన్, పిరికితనం, అత్యాశ అన్నీ వరసగా తిట్టి, ఆఖరి రెండు పాదాల్లో ఇవన్నీ నా బుద్ధులేనని తేలుస్తాడు. కోల్మన్ దాన్ని షేక్‌స్పియర్ చదివినట్టు చదివాడు. హిమ గారూ, ఇది విన్నాక చెప్పండి కోల్మన్ ఎవరైనా ఒకటేనా అని.

హిమ_వింటోంది
విన్నాను. సరే. ఈ ఒక్కదానికి ఓడిపోయాను. ఇంకెవరు చదివినా అది ఒట్టి తిట్ల చిట్టా అయ్యేది.

లెక్కలమాస్టారు
మొదటి బహుమతి 2,500 డాలర్లు.

నైట్‌షిఫ్ట్_నాని
మరి బెన్నీ షో తర్వాత కోల్మన్ ఏమయ్యాడు?

మర్ఫీసెట్
ఆ పక్కింటి వేషంలో దంపతులిద్దరికీ కామెడీ ఉందని తేలాక సొంత షోనే వచ్చింది. హాల్స్ ఆఫ్ ఐవీ, 1950 జనవరి నుంచి 1952 దాకా ఎన్‌బీసీలో. ఆయన చిన్న ఊరి కాలేజీకి ప్రిన్సిపాలు లాంటి పెద్ద, ఆవిడ ఆయన భార్య, ఒకప్పటి నాటకాల నటి. డాన్ క్విన్ సృష్టి. తర్వాత టీవీకి కూడా వెళ్లింది. 1958లో కోల్మన్ పోయాడు. టీవీలో బెన్నీకి పక్కింటివాడిగా జేమ్స్ స్టూవర్ట్, ఆయన భార్య గ్లోరియా వచ్చారు. తమాషా ఏంటంటే స్టూవర్ట్ నిజంగానే బెన్నీ వీధిలోనే ఉండేవాడు.

కుకమాంగా_కాపురం
అంటే రేడియోలో అబద్ధం, టీవీలో దాదాపు నిజం. ఈ వారాంతం మా వాణ్ణి మళ్లీ ఆ విగ్రహం దగ్గరికి తీసుకెళతాను. ఈసారి నమస్కారం ఎందుకో చెప్పగలను.

నైట్‌షిఫ్ట్_నాని
నిన్న రాత్రి నాన్నకి ఫోన్లో ఆస్కార్ ఎపిసోడ్ వినిపించి, ఎక్కడికక్కడ ఆపి తెలుగులో చెప్పాను. దొంగ దగ్గర బాగా నవ్వాడు. తర్వాత కాసేపు ఆగి, 'అది సరేగానీ, ఆ బొమ్మ ఆయనకి తిరిగిచ్చాడా లేదా?' అన్నాడు. నేను ఇంకా తర్వాతి వారాలు వినలేదు. ఎవరూ చెప్పకండి.

తెనాలి_తుంటరి
మా నిచ్చెన సంగతి తేలాక చెబుతాం.